భాష ఇవ్వని హామీ: ఏడేళ్ళు పనిచేసిన ఒక రింగ్ బఫర్

“రికార్డులు చెడిపోతున్నాయి” అని మొదటి రోజు టికెట్‌లో రాసుకున్నాము. ఆ ఒక్క మాట మమ్మల్ని నాలుగు రోజులు దారి తప్పించింది. నిజానికి వాటిలో ఏ బైటూ చెడిపోలేదు. ప్రతి బైటూ మా ప్రోగ్రామ్ రాసినదే. కొన్ని ఇప్పుడు రాసినవి, కొన్ని కాసేపటి కిందట రాసినవి. పాతా కొత్తా కలిసిపోయాయి, అంతే. టికెట్‌లో ఆ సంగతి సరిగ్గా రాసి ఉంటే సగం పని మొదటి రోజే అయిపోయేది.

ముందు ప్రోగ్రామ్ గురించి చెప్పాలి. అది సి భాషలో రాసిన డీమన్, అంటే నేపథ్యంలో ఎప్పుడూ నడిచే ప్రోగ్రామ్. ప్రతి సర్వర్ మీదా నడుస్తూ, అక్కడి మిగతా ప్రోగ్రాముల నుంచి కొలతల రికార్డులు తీసుకుని నెట్‌వర్క్ ద్వారా ఒకచోటికి పంపుతుంది. లోపల రెండు థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే రెండు పనులు. ఒకటి రికార్డులను అందుకుని రింగ్ బఫర్‌లో, అంటే చివరి గది తరువాత మళ్ళీ మొదటి గదికి తిరిగే తాత్కాలిక నిల్వలో పెడుతుంది. రెండవది వాటిని తీసుకుని, కట్టలు కట్టి పంపుతుంది. బఫర్‌లో 4,096 గదులు, ఒక్కో గది 256 బైట్లు, మొత్తం సరిగ్గా ఒక మెగాబైటు. రాసే థ్రెడ్ ఒక్కటే, చదివే థ్రెడ్ ఒక్కటే కాబట్టి తాళం (ఒకరు వాడుతుంటే మరొకరిని ఆపే ఏర్పాటు) అక్కరలేదని మొదట రాసినవారు నిర్ణయించారు. ఆ నిర్ణయంలో తప్పేమీ లేదు. రాసే థ్రెడ్ రికార్డును గదిలోకి కాపీ చేస్తుంది, ఆ తరువాత రాత సూచికను ఒకటి పెంచుతుంది. చదివే థ్రెడ్ ఆ సూచిక పెరిగిందని చూసి గదిని చదువుతుంది, ఆ తరువాత పఠన సూచికను ఒకటి పెంచుతుంది. రెండు సూచికలనూ వోలటైల్ అనే సి భాష మాటతో ప్రకటించారు, దాని అర్థం తరువాత చెబుతాను. “ఆ తరువాత” అన్న మాటను ఈ పేరాలో రెండుసార్లు వాడాను. కేసంతా ఆ మాట గురించే.

ఈ కోడు ఏడేళ్ళు ఎక్స్86 (ఇంటెల్, ఏఎమ్‌డీ తరహా) ప్రాసెసర్లున్న యంత్రాల మీద నడిచింది. దాని మీద ఫిర్యాదు లేదు, దాన్ని తెరిచి చూసినవారూ లేరు. తరువాత కొన్ని సర్వర్లను ఆర్మ్64 అనే వేరే జాతి ప్రాసెసర్‌కు మార్చారు. కోడు మళ్ళీ కంపైల్ అయింది, హెచ్చరిక ఒక్కటీ రాలేదు, పరీక్షలన్నీ గట్టెక్కాయి. మూడో వారంలో, అందుకునే వైపు చెక్‌సమ్ (డేటా మారలేదని సరిచూసే సంఖ్య) తప్పుతున్న రికార్డులు కనబడసాగాయి. రద్దీగా ఉన్న యంత్రాల మీద రోజుకు రెండో మూడో. రద్దీ లేనివాటి మీద అసలు లేవు.

ఆడలేక మద్దెల ఓడు

యంత్రం కొత్తది, కోడు పాతది. కాబట్టి తప్పు యంత్రానిదే అనుకున్నాము. ఇలా అనుకోవడంలో ఎంత సుఖముందో సిస్టమ్స్ పని చేసే ఎవరినడిగినా చెబుతారు. మెమరీ పరీక్షలు నడిపాము, మెమరీ దోషాల లెక్క చూశాము, సున్నా. డీమన్‌ను మరో యంత్రానికి మార్చాము, అక్కడా అదే జబ్బు. నెట్‌వర్క్ కార్డును అనుమానించి, పంపే ముందే చెక్‌సమ్ సరిచూసే కోడు పెట్టాము. తప్పు అక్కడే దొరికింది. అంటే రికార్డు మా ప్రాసెస్ గడప దాటకముందే అలా ఉంది.

తరువాత అడ్రస్ శానిటైజర్ పెట్టి నడిపాము. బఫర్ హద్దు దాటి రాసినా, విడుదల చేసిన మెమరీని వాడినా పట్టుకునే పనిముట్టు అది. ఒక్క ఫిర్యాదూ చేయలేదు. చేయదు మరి, మా ప్రోగ్రామ్ ఆ రెండు నేరాల్లో దేన్నీ చేయలేదు. అప్పట్లో మాత్రం ఆ మౌనాన్ని మేము “మెమరీ పరంగా కోడు శుభ్రం” అని చదువుకున్నాము. అది రెండో తప్పు.

మూడో రోజు చదివే థ్రెడ్‌లో ఒక ప్రింట్ వాక్యం పెట్టాము. సమస్య మాయమైంది. తీసేస్తే తిరిగి వచ్చింది. పెట్టినప్పుడు పోయి తీసినప్పుడు వచ్చే జబ్బు సాధారణంగా సమయానికి సంబంధించినది. ప్రింట్ వల్ల ప్రోగ్రామ్ నెమ్మదిస్తుంది, నిజమే. మేము ఆలోచించనిది మరొకటుంది: ప్రామాణిక ఔట్‌పుట్ ప్రవాహానికి లోపల ఒక తాళం ఉంటుంది. ఆ తాళాన్ని తీసుకుని వదలడమంటేనే మెమరీ చర్యల వరుసకు కట్టుబాటు విధించడం. మేము పెట్టినది పరిశీలన వాక్యం అనుకున్నాము. అది ఆ పూటకు మందుగా పనిచేసింది.

నాలుగో రోజు నా సహోద్యోగి ఒకామె తప్పుడు రికార్డు ఒకదాన్ని బైట్ల వారీగా అచ్చు వేసి నా బల్ల మీద పెట్టారు. మా రికార్డుకు ముందు భాగంలో ఒక వరుస సంఖ్య ఉంటుంది, చివర కూడా అదే సంఖ్య ఉంటుంది. రెండూ సమానంగా ఉండాలి.

“తేడా ఎంతో చూశారా?” అన్నారు ఆమె.

4,096.

పాత భాగం చెత్త కాదు. అదే గదిలో ఒక చుట్టు కిందట ఉన్న రికార్డు. పైగా కొత్తది ఆగి పాతది మొదలైన చోటు సరిగ్గా 192వ బైటు. ఆ యంత్రాల మీద క్యాష్ లైను (ప్రాసెసర్ మెమరీని ఒక్కసారిగా తెచ్చుకునే ముక్క) 64 బైట్లు, అంటే మా గది నాలుగు లైన్లు. మూడు లైన్లు కొత్తవి, నాలుగోది పాతది. భద్రపరిచిన మిగతా నమూనాలను తీసి చూశాము. విరిగిన చోటు ప్రతిదానిలోనూ 64, 128, 192లలో ఒకటి. రాత సూచిక పెరిగిందని చదివే థ్రెడ్ చూసింది. గదిలోకి రాసినది మాత్రం దానికి ఇంకా పూర్తిగా కనబడలేదు.

ముందు, తరువాత

సి భాషలో ఒక వాక్యం కింద మరొక వాక్యం రాస్తే మొదటిది ముందు జరుగుతుందని మనమంతా నేర్చుకున్నాము. ఒక థ్రెడ్ తనను తాను చూసుకున్నంతవరకు అది నిజం. మరో థ్రెడ్ పక్కనుంచి చూస్తుంటే ఆ వరుసను చెడగొట్టే అధికారం ఇద్దరికి ఉంది. మొదటిది మన కోడును యంత్ర సంకేతంగా మార్చే కంపైలర్, రెండవది ప్రాసెసర్.

కంపైలర్ సంగతి వోలటైల్ దగ్గర చెబుతాను. ప్రాసెసర్ విషయంలో, ఎక్స్86 మర్యాదస్థురాలు. ఒక కోర్ చేసిన రాతలు ఇతర కోర్లకు అదే వరుసలో కనబడతాయి. చదువులు కూడా వరుస తప్పినట్టు కనబడవు. ఒక్క మినహాయింపు ఉంది, దాని దగ్గరికి తరువాత వస్తాను. ఆర్మ్ అలాంటి మాట ఇవ్వలేదు. రెండు వేరు వేరు చిరునామాలకు రాసిన విలువలు ఏ వరుసలోనైనా కనబడవచ్చు. రెండు చదువులు కూడా అంతే. చదివే వైపు “సూచిక పెరిగితేనే గదిని చదువు” అని షరతు ఉంది కదా అని నేను మొదట వాదించాను. ఆ షరతు చదువులను ఆపలేదు. ఫలితం ఏమవుతుందో ప్రాసెసర్ ముందే ఊహించి గదిని చదివేసుకుంటుంది. తరువాత ఊహ నిజమైతే, ముందే చదివిన పాత విలువనే వాడుతుంది. ఆర్మ్ నిబంధనల ప్రకారం అది తప్పు కాదు.

ఎక్స్86 మర్యాద మీద ప్రపంచంలోని కోడు ఎంతగా ఆధారపడి ఉందో తెలియాలంటే ఒక ఉదాహరణ చాలు. 2020లో ఆపిల్ తన కంప్యూటర్లను ఆర్మ్ ఆధారిత ఎమ్1 చిప్‌కు మార్చినప్పుడు, పాత ఎక్స్86 ప్రోగ్రాములను అనువదించి నడపడం కోసం ఆ చిప్‌లో ఎక్స్86 తరహా మెమరీ వరుసను పాటించే ఒక ప్రత్యేక రీతిని పెట్టింది. యంత్ర సంకేతాన్ని అనువదిస్తే సరిపోదు, దాని వెనుక ఉన్న అలవాటును కూడా తెచ్చుకోవాలి.

ఇక వోలటైల్. మొదట రాసినవారి మీద నాకు కోపం లేదు, ఎందుకంటే ఈ మాట ఒక్కో భాషలో ఒక్కో అర్థం మోస్తుంది. సి భాషలో అది హార్డ్‌వేర్ రిజిస్టర్ల వంటివాటి కోసం ఉంది. “ఈ చిరునామాను చదవమంటే నిజంగా చదువు, రాయమంటే నిజంగా రాయి, నీ సొంత తెలివితో ఎత్తివేయకు” అని కంపైలర్‌కు చెప్పడమే దాని పని. మిగతా సాధారణ రాతలను దాని అటు ఇటు జరపకూడదని అది చెప్పదు. ప్రాసెసర్‌కైతే ఏమీ చెప్పదు. జావాలో 2004లో వచ్చిన ఐదో వెర్షన్ నుంచి అదే మాటకు థ్రెడ్ల మధ్య వరుసను కాపాడే అర్థం ఉంది. మైక్రోసాఫ్ట్ సి++ కంపైలర్ ఇంకో అడుగు వేసి, ఎక్స్86 మీద వోలటైల్‌కు వరుస హామీని తానే జోడించింది, ఆర్మ్ మీద మాత్రం డిఫాల్ట్‌గా జోడించలేదు. జావా చేసి వచ్చిన మనిషి సి ఫైలు తెరిచి వోలటైల్ అని రాస్తే ఏమి ఆశిస్తారో ఊహించవచ్చు. స్పెల్లింగ్ సరిగ్గా ఉంది, కంపైల్ అయింది, పనిచేసింది. ఇన్ని సాక్ష్యాలు ఉన్నప్పుడు అనుమానం ఎలా వస్తుంది?

నిజానికి 2011 వరకు సి ప్రమాణంలో థ్రెడ్ అన్న మాటే లేదు. థ్రెడ్లను కేవలం లైబ్రరీగా అతికిస్తే సరిపోదని, భాషే వాటి గురించి చెప్పాలని హాన్స్ బోమ్ 2005లో వాదించారు. సి11, సి++11 ప్రమాణాలు ఆ ఖాళీని పూరించాయి. అప్పటి నుంచి నియమం స్పష్టం: రెండు థ్రెడ్లు ఒకే స్థానాన్ని వరుస ఏర్పాటు లేకుండా వాడుతూ, కనీసం ఒకటి రాస్తుంటే, ఆ స్థానం అటామిక్ (థ్రెడ్ల మధ్య పంచుకోవడానికని భాషకు ప్రత్యేకంగా చెప్పినది) కాకపోతే, దాన్ని డేటా రేస్ అంటారు, ప్రోగ్రామ్ మొత్తానికే అర్థం లేదు. ఫలానా విలువ తప్పు వస్తుందని కాదు, ప్రోగ్రామ్ ఏమి చేసినా ప్రమాణం అడ్డు చెప్పదని.

ఇక్కడ సిగ్గుపడే విషయం ఒకటి చెప్పాలి. థ్రెడ్ శానిటైజర్ అనే పనిముట్టు ఈ దోషాన్ని ఎప్పుడో పట్టుకుంది. మా రిపాజిటరీలో దాని ఫిర్యాదులను అణచివేసే ఫైలు ఒకటి ఉంది. అందులో ఈ రింగ్ బఫర్ ఫంక్షన్ల పేర్లు, పక్కన “హాని లేని రేస్” అన్న వ్యాఖ్య. అణచివేతను తీసి నడిపితే ఐదు సెకన్లలో ఫిర్యాదు వచ్చింది, రాసిన వరుస, చదివిన వరుస, రెండు థ్రెడ్ల స్టాక్‌లతో సహా. అదీ ఎక్స్86 యంత్రం మీదే. అది ప్రాసెసర్ల దయను లెక్కలోకి తీసుకోదు, భాష నియమాన్నే చూస్తుంది. పదకొండు రోజుల వేటలో అసలు జవాబు ఐదు సెకన్ల దూరంలో ఉందన్నమాట.

సవరణ

సవరించే ముందు దోషాన్ని చేతికి దొరికేలా చేసుకోవాలని పట్టుబట్టాను. రోజుకు రెండు సార్లు వచ్చే తప్పు పోయిందో, లేక ఆ రోజు రాలేదో ఎలా తెలుస్తుంది? రెండు థ్రెడ్లు, అదే బఫర్, ప్రతి రికార్డులోనూ వరుస సంఖ్య నింపి పంపే చిన్న ప్రోగ్రామ్ రాశాము. రెండు థ్రెడ్లూ ఎక్కడో తిరుగుతున్నంతసేపు ఏమీ దొరకలేదు. ఒక్కోదాన్ని ఒక్కో కోర్‌కు, అదీ ఒకదానికొకటి దూరంగా ఉన్న కోర్లకు కట్టేశాక నిమిషంలోపే తప్పులు రాలడం మొదలైంది.

సవరణ మొత్తం నాలుగు చోట్ల. సూచికలను అటామిక్ చేశాము. రాసే థ్రెడ్ రాత సూచికను పెంచేటప్పుడు “రిలీజ్” పద్ధతిలో రాస్తుంది, అంటే దీనికి ముందు నేను చేసినవన్నీ కనబడిన తరువాతే ఇది కనబడాలి. చదివే థ్రెడ్ ఆ సూచికను “అక్వైర్” పద్ధతిలో చదువుతుంది, అంటే దీని తరువాతి చదువులేవీ దీనికంటే ముందుకు జరగకూడదు. ఇవి రెండు. మిగతా రెండూ పఠన సూచిక దగ్గర. వీటిని చాలామంది మరచిపోతారు. చదివే థ్రెడ్ గదిని పూర్తిగా చదవకముందే “చదివేశాను” అన్న వార్త అవతలికి చేరితే, రాసే థ్రెడ్ ఆ గది ఖాళీ అనుకుని కొత్త రికార్డును దాని మీద రాసేస్తుంది. అదే దోషం అద్దంలో. మాకు దొరికిన నమూనాల్లో అలాంటిది ఒక్కటీ లేదు. లేకపోయినా సరిచేశాము.

సవరణ తరువాత ఎక్స్86 బిల్డ్‌ను తీసి, పాత యంత్ర సంకేతాన్ని, కొత్త యంత్ర సంకేతాన్ని పక్కపక్కన పెట్టాను. ఈ రెండు ఫంక్షన్లలో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా మారలేదు. రిలీజ్ రాత, అక్వైర్ చదువు ఆ ప్రాసెసర్ మీద మామూలు మూవ్ ఇన్‌స్ట్రక్షన్లే. ఆర్మ్ మీద మాత్రం వాటికోసమే ఉన్న ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లు వచ్చాయి. ఈ కేసులో నాకు అన్నిటికంటే నచ్చిన దృశ్యం ఇది. ఏడేళ్ళు నడిచిన యంత్ర సంకేతం మొదటి నుంచీ సరైనదే. తప్పు మూలంలో ఉంది. మాకు కావలసినదాన్ని మేము భాషకు చెప్పలేదు. అడగకుండానే ఎక్స్86 ఇచ్చింది, కంపైలర్ కూడా ఆ రాతలను జరిపే హక్కు ఉన్నా జరపలేదు. ఏడేళ్ళ “పనిచేస్తోంది” వెనుక ఉన్నది ఈ రెండు దయలే.

ఇల్లలకగానే పండగ కాదు

ఈ ఫైలులో వోలటైల్ ఉన్న ప్రతి చోటునూ చూసి పంపమని మా బృందం నాయకుడు నన్ను అడిగారు. అలసిపోయి ఉన్నాను, పది నిమిషాల పని అనుకున్నాను.

సూచికలు కాక మూడో వోలటైల్ ఒకటి కనబడింది: “నిద్రలో ఉన్నాను” అనే జెండా. బఫర్ ఖాళీ అయితే చదివే థ్రెడ్ ఆ జెండాను ఎత్తుతుంది, రాత సూచికను మరొక్కసారి చూస్తుంది, ఇంకా ఖాళీగానే ఉంటే నిద్రపోతుంది. రాసే థ్రెడ్ సూచికను పెంచి, జెండా ఎత్తి ఉందేమో చూస్తుంది, ఉంటే లేపుతుంది. కాగితం మీద చక్కగా ఉంది. ఇద్దరూ తమ మాట ముందు చెప్పి, తరువాత అవతలివారి మాట వింటున్నారు. కనీసం ఒకరైనా రెండోవారిని వినాలి.

ఎక్స్86 చేసే ఆ ఒక్క మినహాయింపు ఇక్కడే. ప్రతి కోర్‌కూ రాతలను తాత్కాలికంగా ఉంచే ఒక స్టోర్ బఫర్ ఉంటుంది. రాసిన విలువ అందులో ఉండగానే, ఆ కోర్ వేరే చిరునామా నుంచి తరువాతి చదువును పూర్తి చేసుకోవచ్చు. కాబట్టి రాత ముందు, చదువు తరువాత అని మనం రాసినా, బయటినుంచి చూస్తే చదువు ముందు జరిగినట్టు కనబడవచ్చు. అప్పుడు రాసే థ్రెడ్ “జెండా లేదు, లేపనక్కరలేదు” అనుకుంటుంది. అదే క్షణంలో చదివే థ్రెడ్ “కొత్త రికార్డు లేదు, నిద్రపోతాను” అనుకుంటుంది. రికార్డు బఫర్‌లో ఉంటుంది, థ్రెడ్ నిద్రలో ఉంటుంది.

మరి ఏడేళ్ళుగా ఇది ఎందుకు బయటపడలేదు? నిద్రకు ఒక సెకను టైమౌట్ ఉంది. దాని పైన ఒక వ్యాఖ్య: “ఈ టైమౌట్ తీయవద్దు. తీస్తే అప్పుడప్పుడు ఆగిపోతుంది. కారణం తెలియదు.” ఎవరు రాశారా అని చరిత్ర తీసి చూశాను. ఆరేళ్ళ కిందట, నేనే. రాసినట్టు జ్ఞాపకం కూడా లేదు.

ఒక సెకను తరువాత థ్రెడ్ దానంతట అదే లేచి రికార్డును పంపేస్తుంది. అంతకంటే ముందే మరో రికార్డు వస్తే ఆ రికార్డు లేపుతుంది. పగటి రద్దీలో తరువాతి రికార్డు మిల్లీసెకన్లలో వస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. రాత్రివేళ రద్దీ లేనప్పుడు మాత్రం ఒక్కో రికార్డు సెకను దాకా ఆలస్యమవుతుంది. అలాంటి ఫిర్యాదు ఒకటి రెండేళ్ళ కిందట వచ్చింది. “నెట్‌వర్క్ జాప్యం” అని మూసేశాము.

దీనికి రిలీజ్, అక్వైర్ చాలవు. అవి ఒక వైపు కట్టుబాట్లు మాత్రమే, రాత తరువాతి చదువును ఆపలేవు. ఆ నాలుగు చర్యలూ, అంటే సూచిక రాత, జెండా చదువు, జెండా రాత, సూచిక చదువు, అన్ని థ్రెడ్లకూ ఒకే ఉమ్మడి వరుసలో కనబడాలి. దీన్నే వరుస సంగతత్వం అంటున్నాను. ఈ భావనను 1979లో లెస్లీ లాంపోర్ట్ నిర్వచించారు. సి11లో అటామిక్ చర్యకు ఏ పద్ధతీ చెప్పకపోతే వచ్చేది ఇదే. అంటే భాష మొదటిగా అందించేది అన్నిటికంటే భద్రమైనది. తెలివి ఎక్కువైన మేమే దాన్ని సడలించడానికి పేరు పేరునా రాస్తాము. దీనికి ఖరీదు ఉంది. ఎక్స్86 మీద ప్రతి రికార్డుకూ స్టోర్ బఫర్ ఖాళీ అయ్యేదాకా ఆగాలి. రికార్డులను గుంపుగా పెట్టి గుంపుకొకసారి సూచికను ప్రకటించడంతో ఆ ఖర్చు కొలతల్లో కనబడకుండా పోయింది.

ఈ రెండో దోషం గురించి థ్రెడ్ శానిటైజర్ కిక్కురుమనదు. జెండాను అటామిక్ చేసి రిలీజ్, అక్వైర్ పెట్టి నడిపి చూశాను. నిశ్శబ్దం. డేటా రేస్ లేదు కాబట్టి దాని దృష్టిలో తప్పే లేదు. దోషం మాత్రం అలాగే ఉంది.

వేరే భాషలో రాస్తే?

నివేదిక పంపిన మరునాడే, అనుకున్నట్టుగానే, ఆ ప్రశ్న వచ్చింది: “రస్ట్‌లో తిరగరాస్తే ఈ బాధ ఉండదు కదా?”

మెమరీ తప్పులను కంపైలర్ దగ్గరే ఆపే రస్ట్ భాష అంటే నాకు ఇష్టం. ఇదే డీమన్‌లో నెట్‌వర్క్ నుంచి వచ్చే బైట్లను విడదీసే భాగాన్ని అంతకు ముందు సంవత్సరమే రస్ట్‌లో తిరగరాశాను, దానికి క్షమాపణలేమీ చెప్పను. బయటివారు పంపిన పొడవు సంఖ్యను నమ్మి మెమరీ చదివితే ఏమవుతుందో 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అనే లోపం చూపించింది. ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల దాకా సర్వర్ మెమరీ బయటికి పోయేది. తన ఉత్పత్తుల్లో ఏటా సవరించే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీ భద్రతకు సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. అలాంటి చోట భాషను మార్చడం వల్ల ఒక జాతి దోషాలు మొత్తంగా పోతాయి.

మరి రింగ్ బఫర్ సంగతి? ఊహించి చెప్పడం ఇష్టం లేక రాసి చూశాను. పాత సి కోడును ఉన్నది ఉన్నట్టుగా రస్ట్‌లో పెడితే కంపైల్ కాదు. రెండు థ్రెడ్లు ఒకే బఫర్‌ను అలా పంచుకోవడాన్ని కంపైలర్ ఒప్పుకోదు. సూచికలను అటామిక్ చేయాల్సిందే, ప్రతి చోటా వరుస పద్ధతి పేరు రాయాల్సిందే. గదుల కోసం అన్‌సేఫ్ అన్న మాట వాడి, ఇది క్షేమమని నా పూచీ మీద చెప్పాల్సిందే. మొదటి దోషాన్ని నిద్రలో చేయడం అసాధ్యం. అది చిన్న లాభం కాదు, మా ఏడేళ్ళ కథ పుట్టేదే కాదు.

అయితే మెలకువతో చేయడం సాధ్యమే. నాలుగు చోట్లా అన్నిటికంటే సడలినదైన “రిలాక్స్‌డ్” అని రాశాను. కంపైలర్ నోరు మెదపలేదు. అదే ఆర్మ్ యంత్రం మీద అవే 64 బైట్ల హద్దుల దగ్గర అవే ముక్కలు రాలాయి. రస్ట్ తన మెమరీ నమూనాను సి++ నుంచే తీసుకుంది. హామీ ఏమిటో అడిగే తీరు మారింది, హామీ మారలేదు. రెండో దోషం, అంటే నిద్ర జెండా, రిలీజ్, అక్వైర్‌లతో అక్కడా హాయిగా కంపైల్ అయింది.

విచిత్రమేమిటంటే రెండో దోషం విషయంలో మాకు ఎక్కువ మేలు చేసి ఉండేది గో భాష. అటామిక్ చర్యలన్నీ వరుస సంగతత్వంతోనే జరుగుతాయని 2022లో సవరించిన దాని మెమరీ నమూనా స్పష్టంగా చెబుతుంది. సడలించే మార్గమే ఇవ్వదు. సిస్టమ్స్ ప్రోగ్రామర్లు దాన్ని చూసి ముఖం చిట్లిస్తారు, నేనూ చిట్లించినవాడినే. కానీ నిద్ర జెండాను అందులో అటామిక్‌గా రాసి ఉంటే పొరపాటున కూడా తప్పుగా రాయలేకపోయేవాడిని. చెత్త సేకరణ (వాడకం అయిపోయిన మెమరీని భాషే తిరిగి తీసుకోవడం) వల్ల వచ్చే విరామాలు, మెమరీ వాడకం ఈ డీమన్‌కు సరిపడవు కాబట్టి దానికి మారే ప్రసక్తి రాలేదు. అది వేరే సంగతి.

కాబట్టి రింగ్ బఫర్ సి లోనే ఉండిపోయింది. రెండు వందల వరుసలు లేని ఫైలు, దాన్ని ఇప్పుడు ముగ్గురం క్షుణ్ణంగా చదివాము. తిరగరాయడం కంటే థ్రెడ్ శానిటైజర్ అణచివేత ఫైలును ఖాళీ చేయడం మీద ఎక్కువ సమయం పెట్టాలని వాదించాను. అందులో మొత్తం పంతొమ్మిది నమోదులున్నాయి, పన్నెండింటి పక్కన “హాని లేని” అని ఉంది. ఇప్పటికి ఎనిమిది తేల్చాము. రెండు నిజంగానే దోషాలు. మరొకటి కేవలం గణాంకాల లెక్క, అయినా అటామిక్ చేశాము, రిలాక్స్‌డ్‌గానే. అక్కడ అది చాలు.

టైమౌట్‌ను మాత్రం తీయలేదు. కొందరు తీసేద్దామన్నారు, దోషం పోయింది కదా అని. దాన్ని ఒక సెకను నుంచి 30 సెకన్లకు పెంచి, పక్కన ఒక లెక్క పెట్టాను: టైమౌట్ వల్ల లేచినప్పుడు బఫర్ ఖాళీగా లేకపోతే ఆ సంఖ్య ఒకటి పెరుగుతుంది. ముందుగా పాత కోడుకే ఈ లెక్కను తగిలించి, రద్దీ లేని ఎక్స్86 యంత్రం ఒకదాని మీద రాత్రంతా వదిలాను. తెల్లవారేసరికి 17. కొత్త కోడు పెట్టాక అన్ని యంత్రాలూ కలిపి, ఇది రాసే నాటికి, సున్నా. పైనున్న వ్యాఖ్యలో “కారణం తెలియదు” అన్న వాక్యం కొట్టేసి, స్టోర్ బఫర్ గురించి ఆరు వరుసలు రాశాను. ఆ సంఖ్య సున్నా దాటిన రోజు నాకు ఫోను వచ్చేలా పెట్టుకున్నాను.